చున్నీ రెండో కొస

పోయిన నెలలో మా తమ్ముడి కూతురు స్వప్న నన్ను చాంద్రాయణగుట్టలో ఒక ఫంక్షన్ హాలుకు తీసుకెళ్ళింది. చిన్న చిన్న వ్యాపారాలు చేసుకునే ఆడవాళ్ళు ఒకరినొకరు పరిచయం చేసుకునే సమావేశమట. బ్లౌజులు కుట్టేవాళ్ళు, పచ్చళ్ళు పెట్టేవాళ్ళు, మెహందీ వేసేవాళ్ళు, హాలు నిండా ఉన్నారు. ఒక్కొక్కరూ స్టేజీ ఎక్కి ఒక్క నిమిషంలో తన గురించి చెప్పుకోవాలి. నిమిషం దాటితే గంట కొడతారు. దిగి వచ్చాక ఒకరి ఫోను ఎదుట ఒకరు ఫోను పెట్టి గళ్ళ బొమ్మలు స్కాన్ చేసుకుంటారు. అంతటితో పరిచయం అయిపోయినట్టే. నాకు వింతగానే ఉంది కానీ, తప్పు పట్టడానికి నేనెవరిని? ఆ వయసులో నేను ఇంతకంటే తెలివితక్కువ పనులు చేశాను. వాటిలో ఒకదాని గురించే ఇప్పుడు చెప్పబోతున్నాను.

నా పక్క కుర్చీలో నౌషీన్ అనే అమ్మాయి కూర్చుంది. ఇంట్లో కేకులు చేసి అమ్ముతుందట. చాయ్ కప్పు ఒలికి ఆమె లేత పసుపు చున్నీ సగం పాడైంది. కొళాయి దగ్గర ఉతుక్కొని వచ్చి, ఆ తడి చున్నీతో స్టేజీ ఎక్కడం ఎట్లాగో తెలియక బిక్కమొహం వేసుకొని నిలబడింది. "ఫికర్ చెయ్యకు బిడ్డా, రెండు నిమిషాల్ల ఆరుతది, నడువు" అని హాలు వెనక వరండాలోకి తీసుకెళ్ళి ఒక కొస ఆమె చేతికిచ్చాను. రెండో కొస నేను పట్టుకున్నాను. "ఆంటీ, మీది ముప్పై ఏండ్ల దుకాణమని స్వప్న చెప్పింది. మీరు నెట్‌వర్కింగ్ ఎట్ల చేస్తరు?" అని అడిగింది. "గిట్లనే" అందామనుకున్నాను. చున్నీని పైకి విసిరాను. గుడ్డలో లేచిన అల ఆమె దాకా వెళ్ళి తిరిగి నా చేతికి వచ్చింది. ఆ తిరిగి రావడం నాకు రోజూ తెలిసిందే. అయినా ప్రతిసారీ వెన్ను జలదరిస్తుంది. ఎందుకో చెప్పాలంటే దబీర్‌పురా స్టేషను వెనక సందులో ఉండే మా మేనత్త దుకాణం దాకా వెళ్ళాలి.

మేనత్త అంటే మా బాపుకు అక్క, అంజమ్మత్త. పురానాపూల్‌లో పాలు అమ్ముకునే ఇంట్లో పుట్టి, రంగులు అద్దే ఇంటికి కోడలుగా వచ్చింది. భర్త పోయాక పని వదల్లేదు. పిల్లలు లేరు. నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు తోడుగా ఉంటానని వచ్చి ఆమె దగ్గరే ఉండిపోయాను. ముందు గది దుకాణం, వెనక గది ఇల్లు, మధ్యలో ఒక పరదా. సల్వార్ బట్ట తెచ్చి, దానికి సరిపోయేటట్టు తెల్ల చున్నీకి రంగు వేయించుకోవడానికి ఆడవాళ్ళు వస్తారు. పొద్దున్నే అత్త గడప ముందు నీళ్ళు చల్లి, కిరసనాయిలు స్టవ్వు పంపు కొట్టి, అడుగు మాడిన అల్యూమినియం గిన్నెలో నీళ్ళు పెట్టేది. మరుగుతుంటే గుప్పెడు ఉప్పు వేసేది. రంగు పొడులు వరసగా పాత డబ్బాల్లో ఉండేవి. ఏ డబ్బా మీదా పేరు లేదు. వేలి కొసతో చిటికెడు దీంట్లోంచి, అర చిటికెడు దాంట్లోంచి తీసి వేసి కర్రతో కలిపేది. కిరసనాయిలు, ఆవిరి, తడి నూలు, గంజి, వీటన్నిటి వాసనా కలిసి మా జడల్లోకి ఎక్కేది. తలంటుకున్నా పోయేది కాదు.

రంగు కుదిరిందో లేదో చూసుకోవడానికి అత్తకు ఒక అలవాటు ఉండేది. కర్ర కొస నుంచి ఒక చుక్క తన ఎడమ అరచేతిలో వేసుకొని, గడప దాటి ఎండలోకి వెళ్ళి చూసేది. బల్బు వెలుతురు అబద్ధం చెప్తుందనేది. అందుకే ఆమె ఎడమ అరచేయి ఏ రోజుకు ఆ రోజు ఒక రంగులో ఉండేది. నిన్న దుకాణంలో ఏం పని జరిగిందో మా పక్కింటి హమీదా ఆపా ఆ అరచేయి చూసి చెప్పేసేది. ఆపా పికో మిషను నడిపేది. చున్నీల అంచులు కుట్టడం ఆమె పని. మా గోడా ఆమె గోడా ఒకటే.

అయితే అసలు పని రంగు వేయడం కాదు, ఆరబెట్టడం. దండెం మీద వేస్తే రంగు కిందికి దిగి చారలు పడుతుంది. అందుకని ఇద్దరు చెరో కొస పట్టుకొని, సందులో ఎదురెదురుగా నిలబడి, ఆరేదాకా గాలిలో ఊపాలి. ఆ రెండో కొస అత్త నాకు ఇచ్చేది కాదు. బట్ట తెచ్చిన గిరాకీకి ఇచ్చేది. ఎంత పెద్దింటి మనిషి వచ్చినా సరే, కూర్చోమనేది కాదు, "ఇగో, గీ కొస పట్టు" అనేది. కొత్తవాళ్ళు మొహం చిట్లించేవాళ్ళు. నాలుగు ఊపులు ఊపేసరికి మొహం సర్దుకునేది. పది ఊపులకు మాట మొదలయ్యేది. ఎవరింట్లో పెళ్ళి కుదిరిందో, ఎవరి పిల్లకు జ్వరం తగ్గలేదో, ఎవరి మరిది దుబాయి నుంచి వస్తున్నాడో, అంతా ఆ గుడ్డ పొడుగునా నడిచి అత్త దగ్గరికి వచ్చేది. నోరు మంచిదైతే ఊరు మంచిదని మా బాపు ఎప్పుడూ అనేవాడు. మా అత్త నోరు మంచిదేమీ కాదు. ఏ మాటకైనా కస్సుమనేది. కానీ కొస చేతిలో ఉన్నంత సేపు మాత్రం మధ్యలో ఒక్క మాట మాట్లాడేది కాదు. వినేది, అంతే.

"ఎన్నడు గూడ నువ్వు ముందుగాల వదలకు సుశీలా," అని నాకు చెప్పేది. "ఆరినంక వాళ్ళే నడుచుకుంట వచ్చి నీ చేతుల పెట్టాలె. నువ్వు ముందు వదిలితే, గా మనిషి చేతుల ఉన్నది గుడ్డ ఒక్కటే."

ఆ మాట నేను ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాను. నాకు ఇరవై రెండేళ్ళప్పుడు ఒక పొద్దున స్టవ్వు ముందే అత్తకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది. మాట పోయింది. వెనక గదిలో మంచం మీద పడుకోబెట్టాము. తినిపించడం, ఒళ్ళు తుడవడం, బట్టలు మార్చడం అన్నీ నేనే. హమీదా ఆపా సాయం పట్టేది. అన్నిటికంటే నన్ను ఏడిపించింది ఆమె ఎడమ అరచేయి. వారం రోజుల్లో రంగంతా పోయి తెల్లగా పాలిపోయింది. ఆ చేతిని అట్లా నేనెప్పుడూ చూడలేదు. అది ఎవరో కొత్త మనిషి చేతిలా ఉండేది.

మా బాపు శుక్రవారం శుక్రవారం పాల క్యాన్లు దింపుకొని వచ్చి చూసిపోయేవాడు. మూడో నెలలో ఒకనాడు గడప మీద కూర్చొని చెప్పాడు. "మొహర్రం నెలవంక కనపడేదాంక చూస్త బిడ్డా. పని నిలబడితే నిలబడె. లేకుంటే గీ దుకాణం ఎస్‌టీడీ బూత్ పెట్టుకుంటనన్న ఆయనకు ఇచ్చేస్త. అక్కను మన ఇంటికి తీస్కపోత." నేను ఎదురు చెప్పలేకపోయాను. మొహర్రం ముందు రోజుల్లో మా సందులో నల్ల రంగు పనే పని. షియా ఇళ్ళ వాళ్ళందరూ సంతాపానికి వేసుకునే మాతం బట్టలకు నల్ల రంగు వేయించుకుంటారు. ఏడాది పని సగం ఆ కొన్ని రోజుల్లోనే. ఆ పని వస్తే దుకాణం నాది. రాకపోతే అత్తను పురానాపూల్‌లో బర్రెల కొట్టం పక్క గదిలో పడుకోబెడతారు. స్టవ్వు రొద, గుడ్డ చప్పుడు వినపడని చోట ఆమె నెల కూడా బతకదని నాకు లోపల తెలుసు.

అప్పుడు నాకు వచ్చిన తెలివి ఏమిటంటే, ఈ సందు మీద ఆధారపడితే లాభం లేదు, పెద్దవాళ్ళ పరిచయాలు పట్టాలి అని. ఛత్తా బజార్‌లో విజిటింగ్ కార్డులు అచ్చు వేయించాను. బంగారు రంగు అంచు, మధ్యలో నా పేరు. మధ్యాహ్నాలు ఆపాను అత్త దగ్గర కూర్చోబెట్టి, కాళ్ళకు బలపం కట్టుకొని మూసీ అవతలి బొటీకులన్నీ తిరిగాను. కార్డు ఇవ్వడం, నవ్వడం, ఇంకో కార్డు ఇవ్వడం. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నాకు రచ్చ మీదే కన్ను. చివరికి ఒక బొటీక్ మేడం, ఫలానా రోజు అటువైపు వస్తాను, పని చూస్తాను అంది. ఆ రోజు కోసం ఎదురుచూశాను.

ఆ రోజు మధ్యాహ్నం జెహ్రా బేగం వచ్చింది. నాలుగు సందుల అవతల ఉండే పెద్దావిడ. అత్తకు పాత గిరాకీ, అత్త కంటే కొంచెం చిన్నది. నేను చాచీ అని పిలిచేదాన్ని. గులాబీ రంగు చున్నీ ఒకటి తెచ్చి, నల్లగా చేయమంది. మంచి చున్నీ, అంచున చమ్కీలు. ఎందుకని నేను అడగలేదు. రెండుసార్లు ముంచి నల్లగా దించి, పిండి, ఒక కొస ఆమెకిచ్చాను. నా కళ్ళు సందు మొదలు మీదే ఉన్నాయి. పది ఊపులు ఊపామో లేదో, ఆమె గొంతు సవరించుకుంది. "గీ చున్నీ మా బిడ్డది..." అని మొదలుపెట్టింది. అదే సమయానికి సందు మొదట్లో కారు హారను కొట్టింది. మా సందులోకి కారు రాదు.

నేను వదిలేశాను. ఒక్క నిమిషం అని కూడా అనలేదు. చేతులు పావడాకు తుడుచుకుంటూ పరుగెత్తాను. మేడం కారు దిగలేదు. అద్దం దించి, కార్డు తీసుకొని, సందు లోపలికి ఒక చూపు చూసి, "సరే, చెప్తాం" అని అద్దం ఎత్తేసింది. కారు పోయిన దారి వైపు చూస్తూ చాలాసేపు అక్కడే నిలబడ్డాను. తిరిగి వచ్చేసరికి జెహ్రా బేగం లేదు, చున్నీ లేదు. నేల మీద నల్ల చుక్కలు వరసగా పడి ఉన్నాయి. తడి గుడ్డ మట్టిలో పడితే మరక పడుతుంది. అక్కడ మరకేమీ లేదు. ఆ సంగతి కళ్ళు చూశాయి కానీ బుర్రకెక్కలేదు. మాతం గుడ్డను మట్టిలో పడేశాను, ఆమె తీసుకొని పోయింది, ఇంక ఈ మాట నాలుగు సందులూ తిరుగుతుంది అనుకున్నాను.

ఆ సాయంత్రం అత్తకు జావ తాగిద్దామని కూర్చొని, ఆమె ఎడమ చేయి ముడుచుకొని ఉంటే మెల్లగా విప్పాను. అరచేయి నల్లగా ఉంది. చుక్క కాదు, వేళ్ళ మడతల్లోకి దిగిన రంగు, తడి గుడ్డను గట్టిగా పట్టుకుంటే అంటుకునే రంగు. నేనే అంటించి ఉంటాను అనుకున్నాను. మధ్యాహ్నం నుంచి ఆమెను ముట్టుకున్నానా అని ఆలోచిస్తే ముట్టుకోలేదు. సబ్బు పెట్టి తోమాను. పోలేదు. ఆమె నా మొహంలోకి చూస్తూ ఉంది. కోపమో, జాలో తెలియని చూపు.

మర్నాటి నుంచి గిరాకీ ఆగిపోయింది. తగ్గడం కాదు, ఆగిపోయింది. బట్టల సంచీ పట్టుకొని వచ్చిన ఆడవాళ్ళు గడప దాకా వచ్చి, లోపల పరదా వైపు ఒక చూపు చూసి, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి తిరిగేవాళ్ళు. ఒకరిద్దరు ఆపా మిషను దగ్గర చున్నీ పడేసి, రంగు అయ్యాక అక్కడే ఇమ్మని పోయారు. ఎవరూ కొస పట్టుకోలేదు. పట్టుకోమంటే చేతులు వెనక్కి పెట్టుకునేవాళ్ళు. నేను ఈగలు తోలుకుంటూ కూర్చొని, నెలవంకకు ఇంకెన్ని రోజులో లెక్కపెట్టుకునేదాన్ని.

ఆపా దగ్గర పడేసిన చున్నీలను ఒక్కదాన్నే ఆరబెట్టాల్సి వచ్చింది. ఎదురింటి గోడకు ఒక మేకు ఉంది. ఒక కొస దానికి కట్టి, రెండోది పట్టుకొని ఊపేదాన్ని. ఈ పని చేసినవాళ్ళకు ఒక సంగతి తెలుసు. ఎదుట మనిషి ఉంటే నువ్వు పంపిన అల తిరిగి వస్తుంది. మేకు ఉంటే అక్కడే చచ్చిపోతుంది. మొదటి రెండు రోజులు అట్లాగే చచ్చిపోయింది. మూడో రోజు మిట్టమధ్యాహ్నం, సందులో పిట్ట కూడా లేదు, ఒక నీలం చున్నీ ఊపుతుంటే అల తిరిగి వచ్చింది. గాలి అనుకున్నాను. గాలి లేదు. మళ్ళీ పంపాను. మళ్ళీ వచ్చింది, సరిగ్గా లెక్కకు, చేయి తిరిగిన మనిషి ఊపినట్టు. మేకు వైపు చూశాను. కట్టిన ముడి అట్లాగే ఉంది. నేను వేగం పెంచితే అదీ పెంచింది. నేను తగ్గిస్తే తగ్గించింది.

ఊపుతూనే వెనక్కి తిరిగి తలుపులోంచి చూశాను. పరదా కొంచెం తొలగి ఉంది. మంచం మీద అత్త పడుకునే ఉంది, మొహం గోడ వైపు. ఎడమ చేయి మాత్రం గాలిలో ఉంది. గుప్పిట బిగించి, పైకీ కిందికీ ఊపుతోంది. నా చేయి లేచినప్పుడు ఆ చేయి లేస్తోంది. నేను చటుక్కున ఆపాను. ఆమె చేయీ ఆగింది, పైనే. చున్నీని అక్కడే మేకుకు వేలాడదీసి ఆపా ఇంట్లోకి పోయి కూర్చున్నాను.

ఆపా మిషను ఆపి అంతా విన్నది. "ఆమెకు చప్పుడు వినపడ్తది బేటీ. ఇన్నేండ్ల పని, చెయ్యి ఊకుంటదా?" అంది. నిజమే కావచ్చు. మరి అల సంగతి ఏమిటని అడిగితే మిషను సూదిలో దారం ఎక్కించుకుంది. "జెహ్రా బేగం ఇంటికి పో. ఏ మాట పుట్టినా ఆడ్నే పుట్టింది. పని గురించి ఒక్క మాట గూడ ఎత్తకు. మీ అత్త ఎట్ల పోతుండెనో గట్ల పో" అంది.

మా అత్త ఎట్లా పోయేదంటే, ఉత్త చేతులతో పోయేది. వెళ్ళి, ఇచ్చిన నీళ్ళు తాగి, బాగున్నరా అని, లేచి వచ్చేది. ఏమీ అడిగేది కాదు. నేను కార్డులు డబ్బాలోనే వదిలి వెళ్ళాను. మొదటి రోజు జెహ్రా బేగం కోడలు తలుపు తీసి నీళ్ళిచ్చింది. ఆవిడ బయటికి రాలేదు. రెండో రోజు ఆవిడ వచ్చి ఎదురుగా కూర్చుంది. నీళ్ళు తాగి, బాగున్నరా అని లేచి వచ్చాను. మూడో రోజు వెళ్ళేసరికి వాకిట్లో దుప్పటి పిండుతోంది. నన్ను చూసి, ఒక కొస నా వైపు చాపింది.

పట్టుకున్నాను. ఇద్దరం దులిపాము. అల వెళ్ళింది, వచ్చింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "చాచీ, ఆ రోజు చున్నీ కింద పడేసిన. మాఫ్ చెయ్యి" అన్నాను.

ఆవిడ ఊపడం ఆపలేదు. "నువ్వు వదిలినవ్ బేటా. గాని కింద పడలే."

"పడలేదా?"

"నీ ఎనుక తలుపు కాడ మీ అత్త నిలవడ్డది. వంగి పట్టుకున్నది. ఆరేదాంక ఇద్దరం ఊపినం. మా సకీనా ఎండాకాలంల పోయింది, గా చున్నీ దానిదే. నీకు చెప్పబోయిన మాట ఆమెకు చెప్పిన. మొత్తం విన్నది. ఆరినంక నేనే పోయి ఆమె చేతుల పెట్టిన. మడత పెట్టి ఇచ్చింది."

"మా అత్త మంచం దిగక మూడు నెలలు దాటింది చాచీ."

"ఎరుక. ఇంటికొచ్చి చెప్పులు ఇడుస్తుంటే యాదికొచ్చింది. అంజమ్మకు లక్వా కొట్టింది గదా, ఎట్ల నిలవడ్డది అని. చేతులు చల్లవడ్డయ్." దుప్పటి ఇంకోసారి దులిపి, "ఎవ్వరికి చెప్పొద్దనుకున్న. మా తోడికోడలుకు ఒక్కదానికే చెప్పిన" అంది.

ఒక్క తోడికోడలికి చెప్పడమంటే సందంతా డప్పు కొట్టించడమే. జనం భయపడింది నా చేతగానితనానికి కాదు, మా పరదాకు. నేను మట్టిలో పడ్డ గుడ్డ కోసం ఏడుస్తుంటే, సందులోవాళ్ళు గడప దగ్గర నిలబడ్డ మనిషి కోసం దడుచుకుంటున్నారు. నాకు అరచేతి నలుపు గుర్తొచ్చింది. ఆవిడకు చెప్పాను. దుప్పటి ఎప్పుడో ఆరిపోయింది. ఆవిడ నడుచుకుంటూ వచ్చి తన కొసలు రెండూ నా చేతిలో పెట్టి, నా చేతుల మీద తన చేతులు కాసేపు ఉంచింది. "నువ్వు నా మాట వినకపోతివి. ఆమె రావల్సి వచ్చింది. పాపం, ఎంత తక్లీఫ్ పడ్డదో" అంది. ఆ మాటకు నాకు కలిగినంత సిగ్గు జీవితంలో ఇంకెప్పుడూ కలగలేదు.

మర్నాడు పొద్దున నేనూ ఆపా కలిసి అత్త మంచాన్ని గడప దగ్గరికి జరిపాము. పరదా తీసేశాను. పది గంటలకు జెహ్రా బేగం తన ఇంటి నల్ల బట్టల మూటతో వచ్చింది. సందులో అందరూ చూస్తుండగా కొస పట్టుకుంది. నేను ఊపాను, ఆవిడ ఊపింది, మంచం మీద నుంచి అత్త ఎడమ చేయి కూడా లేచింది. గుమ్మాల్లో నిలబడ్డవాళ్ళు చూశారు. వెలుతురులో, అందరి కళ్ళ ముందు, అది మా అంజమ్మ చేయే. ముందు ఒక ముసలమ్మ వచ్చి ఆమె నుదురు ముట్టుకొని, "సలామ్ అంజమ్మా" అంది. తర్వాత మూటలు రావడం మొదలైంది. నెలవంక దాకా స్టవ్వు చల్లారింది లేదు. ఎవరు వచ్చినా కొస పట్టుకున్నారు, ఇళ్ళల్లో పోయినవాళ్ళ గురించి చెప్పారు. నేను విన్నాను.

నెలవంక కనపడిన రోజు సాయంత్రం అసర్ నమాజు వేళకు చివరి గుడ్డ ఆరబెడుతున్నాము. జెహ్రా బేగమే అటువైపు ఉంది. ఆరిపోయింది, ఆవిడ నడిచి వచ్చి కొసలు నా చేతిలో పెట్టింది. వెనక్కి తిరిగితే అత్త చేయి పైన లేదు. పక్కన వాలి ఉంది, గుప్పిట విప్పి, అరచేయి పైకి. వెళ్ళి చూశాను. ప్రాణం లేదు. అరచేతిలో నలుపు ఇంకా ఉంది. ఆ చేతిని ఇక సబ్బు పెట్టి తోమలేదు. మా బాపు కాటికి తీసుకెళ్ళే ముందు ఆ చేయి చూశాడు. ఆ తర్వాత బూత్ మాట మళ్ళీ ఎత్తలేదు.

అప్పటికీ ఇప్పటికీ ఏం తేడా అని స్వప్న అడుగుతుంది. చాలానే ఉంది. ఇప్పుడు చున్నీలు బట్టకు సరిపోయే రంగులోనే వస్తున్నాయి, సందులో నిలబడి ఊపే ఓపిక చాలామందికి లేదు, వాట్సాపులో ఫోటో పంపి రంగు చెప్పేస్తారు, ఫోను తెర కూడా బల్బులాగే అబద్ధం చెప్తుంది. అయినా నా దుకాణం నడుస్తూనే ఉంది. ముప్పై ఏళ్ళుగా వచ్చేవాళ్ళు కూతుళ్ళనూ కోడళ్ళనూ పంపుతారు. సుశీలమ్మ ఎంత ఓపికగా వింటుందో అంటారు. కార్డుల డబ్బా మాత్రం అటక మీద అట్లాగే ఉంది. బొటీక్ మేడంకు ఇచ్చింది ఆఖరుది.

ఆ ఫంక్షన్ హాలు వరండాలో నౌషీన్ ఏడెనిమిది ఊపులు ఊపి, "ఆంటీ, నేను కేకులు ఎందుకు మొదలువెట్టిన్నో ఎరుకనా, మా అమ్మ..." అని ఆగింది. అప్పుడే స్వప్న తలుపు తోసుకొని వచ్చింది. "అత్తా, నీ నిమిషం వచ్చింది. పెద్ద బొటీకులోళ్ళు ముందు వరసల కూసున్నరు. జల్ది రా."

"నా నిమిషం ఇంకెవరికన్న ఇయ్యి," అన్నాను.

"గిట్లయితే ఎట్ల అత్తా? మళ్ళ దొరుకుతరా వాళ్ళు?"

నేను కదలలేదు. స్వప్న విసుక్కొని లోపలికి పోయింది. కాసేపటికి లోపల గంట కొట్టారు. నా నిమిషం అయిపోయింది. నౌషీన్ వాళ్ళ అమ్మ గురించి చెప్తూనే ఉంది. చున్నీ ఎప్పుడో ఆరిపోయింది, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. నా ఓపిక చూసి ఆ పిల్ల నన్ను మంచి మనిషి అనుకుంటోంది. అందరూ అట్లాగే అనుకుంటారు. నిజం చెప్పాలంటే, ఇది మంచితనం కాదు, భయం. నా వెనక వరండా తలుపు తెరిచే ఉంది. ఎవరైనా నిలబడ్డారా అని నేను తిరిగి చూడలేదు. కొస గట్టిగా పట్టుకున్నాను. నేను వదలనంత సేపు మా అత్త మంచం దిగి రావలసిన పని లేదు.